మూత బరువు

బుధవారం. రాత్రి పదిన్నర.

పొద్దున ఆరింటికి ఉసిరికాయల బస్తా దిగింది, ఏడింటికి తలనొప్పి మొదలైంది. పాపం ఉసిరికాయల తప్పేం లేదు. నిన్న రాత్రి ఫోన్‌కి వచ్చిన ఫారమే కారణం. ఇక్కడికి దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళు శనివారం వచ్చి పిల్లలతో మాట్లాడమన్నారు. గుడివాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే నేను ‘మహిళా పారిశ్రామికవేత్త’నట. మా ఆయన ఆ మాట రెండుసార్లు పైకి చదివి నవ్వుకున్నారు. ఫారంలో మొదటి ప్రశ్న: మీకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తి ఎవరు? కింద చిన్న గడి. ఒక్క పేరు పట్టేంత.

కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టించేసరికి తల పగిలిపోతోంది. సొరుగులోంచి అమృతాంజనం తీసి రాసుకున్నాను. ఆ పసుప్పచ్చ మందు మా నాయనమ్మ తలగడ కిందా ఉండేది, అమ్మ సంచీలోనూ ఉండేది. రాసుకుంటుంటే గుర్తొచ్చింది, దీన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది మా కృష్ణా జిల్లా ఎలకుర్రే కదా అని.

1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనం మొదలుపెట్టారు. పేరు తెలియని మందు ఎవరు కొంటారు? అందుకని సంగీత కచేరీలకు వచ్చినవాళ్ళకు ఊరికే పంచిపెట్టేవారని చెబుతారు. నాకు భలే నచ్చే సంగతి ఇది. పంచడానికి ఎక్కడెక్కడో తిరగకుండా, గంటల తరబడి కదలకుండా కూర్చునే జనం ఉన్నచోటికి వెళ్ళారు. (కచేరీకీ తలనొప్పికీ ఉన్న సంబంధం గురించి నేనేమీ అనను, మా పెద్దాడపడుచు పాడుతుంది.) ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, తర్వాత భారతి మాసపత్రిక, పుస్తకాలు వేయడానికి ఆంధ్ర గ్రంథమాల. నొప్పి మందు అమ్మి తెలుగువాళ్ళకు చదువుకోడానికి ఇంత ఇచ్చిన మనిషి. ఆయన పేరు రాసేస్తే ఎవరూ కాదనరు.

కానీ రాయబోతే చెయ్యి ఆగింది. నేను ప్రతి పార్సిల్‌లో ఒక చిన్న కరివేపాకు కారం పొట్లం ఊరికే వేస్తాను. పంతులు గారిని చూసి వేస్తున్నానా అంటే, కాదు. ఆయన కథ నాకు తెలిసింది తర్వాతెప్పుడో. ఆ అలవాటు అంతకు ముందే ఉంది. అది మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయిది.

వరసకు బాబాయి కాదు, వీధి మొత్తానికీ బాబాయే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పావు కిలో కందిపప్పుకో, పంచదారకో పంపేది. తక్కెడ ముల్లు సమానంగా నిలిచాక ఒక్క క్షణం ఆగేవాడు. అప్పుడు రెండు వేళ్ళతో ఇంకొంచెం పప్పు తీసి పళ్ళెంలో వదిలేవాడు. పళ్ళెం కొంచెం కిందికి మొగ్గేది. పాత పేపరులో పొట్లం కట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు. ఆ పురికొస కూడా కొన్నది కాదు. బస్తాలకు వచ్చిన కుట్లు విప్పి, ముక్కకు ముక్క ముడేసి ఉండ చుట్టుకున్నది. పురికొస దగ్గర అంత పిసినారి, పప్పు దగ్గర మాత్రం కాదు. చివర్లో నా అరచేతిలో నాలుగు పుట్నాలు. మా వీధిలో అంతకన్నా దగ్గర్లో ఇంకో కొట్టు ఉండేది. అక్కడికి పంపితే నేను వెళ్ళేదాన్ని కాదు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, రోజంతా ఇలా వేస్తూ పోతే నీకేం మిగులుతుంది బాబాయ్ అని. “తెలిసి వేస్తే కొసరు, తెలియక వేస్తే నష్టం. నేను ఎంత వేస్తున్నానో నాకు తెలుసులే” అన్నాడు.

మధ్యాహ్నం మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి ఫారం చూసి, “రతన్ టాటా అని రాసెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది” అన్నాడు. టాటా గారంటే గౌరవమే. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ధైర్యం రాదు, చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది. ధైర్యం కావాలంటే నేను తలుచుకునేది లిజ్జత్ పాపడ్ ఆడవాళ్ళని. 1959లో బొంబాయి గిర్గాంలో డాబా మీద కూర్చున్న ఏడుగురు గృహిణులు, 80 రూపాయల అప్పు, మొదటి రోజు నాలుగు ప్యాకెట్ల అప్పడాలు. తర్వాత వాళ్ళు ఎంత ఎదిగారన్నది నాకు అంతగా పట్టదు. ఆ నాలుగు ప్యాకెట్లే నాకు ఇష్టం. నా మొదటి రోజు అమ్మకం ఆరు సీసాలు. అందులో రెండు మా వదిన మొహమాటానికి కొన్నవి.

వాడు అంతటితో ఊరుకోకుండా లాప్‌టాప్ తెరిచి నా కరివేపాకు కారం లెక్క తీశాడు. పొట్లం ఒక్కోటి నాలుగు రూపాయలు, పోయిన నెల పార్సిళ్ళు 310, మొత్తం 1,240. “దండగ కదమ్మా?” అన్నాడు. ఆ పొట్లం రుచి చూసి తర్వాత కారం ఆర్డరు పెట్టినవాళ్ళు 27 మంది ఉన్నారన్నాను. పొట్లం వల్లే పెట్టారని గ్యారంటీ ఏంటన్నాడు. నిజమే, గ్యారంటీ లేదు. మా నాన్నగారైతే ఇంత నిలదీసి మాట్లాడనిచ్చేవారు కాదు. వీడికి జీఎస్టీ కూడా తెలుసు, ఏం చేస్తాం.

స్ఫూర్తి అంటే నాకు కొంచెం భయం కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట 2,500 కట్టి ఒక సెమినార్‌కి వెళ్ళాను. పెద్దగా ఆలోచించండి, పెద్దగా ఆలోచించండి అని స్టేజీ మీదాయన మూడు గంటలు ఊపేశాడు. ఆ ఊపులో ఆ వేసవికి ఎప్పుడూ పెట్టే 100 కిలోల ఆవకాయ కాస్తా 400 కిలోలు పెట్టాను. అన్ని కాయల ముక్కలు తుడిచే చేతులు లేవు, తడి పోలేదు. శ్రావణంలో జాడీలు తెరిస్తే మూడింట బూజు. ఆ రోజు మా అత్తగారు ఒక్క మాట అనలేదు. పాత గుడ్డలు తెచ్చి నా పక్కన కూర్చుని జాడీలు కడిగారు. స్టేజీ మీదాయన మాటలు ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేవు. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చున్న తీరు మాత్రం గుర్తుంది.

సాయంత్రం కొత్త ఉసిరి పచ్చడి సీసా ఒకటి తీసుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. కొట్టు మూసి ఏడేళ్ళయింది. కొడుకులిద్దరూ హైదరాబాదు. ఎనభై దాటాయి, వరండాలో పడక్కుర్చీ. పిన్ని కాఫీ తెచ్చేలోపు సీసా చేతికిచ్చాను. మూత తీయలేదు. లైటు కేసి ఎత్తి చూశాడు, ఇటు అటు వంచి చూశాడు, అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు కొంచెం పైకీ కిందికీ ఆడించాడు.

“ఎంత ఇది?”

“పావు కిలో బాబాయ్.”

“పావు కిలోకి ఇంత పైకి రాదే అమ్మాయ్. నూనె తేలడానికి చోటే లేదు.”

ప్రేమతో ఎక్కువ వేశాను, మీ దగ్గర నేర్చుకున్న కొసరే అన్నాను. నవ్వలేదు. “అన్నిట్లోనూ ఇంతే ఉందా?” అన్నాడు.

కాఫీ సగంలోనే లేచి వచ్చేశాను. షెడ్డులో అట్టపెట్టెల్లో సర్దిన సీసాలు తీసి చూస్తే అన్నీ కంఠం దాకా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ కాటా తప్పు చూపిస్తోందేమోనని ఒక కిలో బాటు పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. తర్వాత వెలిగింది. వారం కిందట పనిలో చేరిన పిల్ల ఖాళీ సీసాని మూతతో సహా కాటా మీద పెట్టి సున్నా చేస్తోంది. తర్వాత మూత పక్కన పెట్టి పచ్చడి నింపుతోంది. అంటే 250 అని చూపించేసరికి మూత బరువంత పచ్చడి అదనంగా పడిపోతుంది. మూత తూచాను. 12 గ్రాములు. సీసాలు 46. అరకిలో దాటింది.

ఇంత కొసరు గురించి శనివారం పిల్లలకు చెబుదామని పొద్దున్నుంచీ మురిసిపోతున్నదాన్ని నేను.

ఆ పిల్లని ఏమీ అనలేదు. నేనే చూపించలేదు దానికి. గోడ మీద సున్నంతో పెద్ద అక్షరాలతో రాశాను: మూత తీసి సున్నా చెయ్యాలి. ఫారంలో గడి ఇంకా ఖాళీగానే ఉంది. 46 సీసాలకూ సీలు వేసేశారు, మళ్ళీ తెరిచి తీస్తే పచ్చడి పాడవుతుంది, కాబట్టి రేపు అలాగే పంపించేస్తాను. ఎక్కువ పడిందని ఇప్పుడు నాకు తెలుసు మరి. దీన్ని కొసరు కింద రాసుకోవాలో నష్టం కింద రాసుకోవాలో రేపు పొద్దున బాబాయినే అడగాలి. పాలు పోయించుకునే టైముకి వెళ్తే మెలకువగానే ఉంటాడు.