ఘనా కరెన్సీ సెడీ పడితే ఆ భారం ఎవరి మీద పడుతోంది

ఆఫ్రికాకి ప్రైవేట్ పెట్టుబడులు రావాలని ప్రతి సమ్మిట్‌లోనూ అంటారు, రావాలి కూడా, నేనూ మనస్ఫూర్తిగా అదే కోరుకుంటా. కానీ ఎన్ని బిలియన్లు ప్రకటించారు అనేదాని మీద జరిగినంత చర్చ, అక్కడి కరెన్సీ పడిపోతే ఆ నష్టం ఎవరు భరించాలి అనేదాని మీద జరగట్లేదు. నా దృష్టిలో అసలు విషయం అదే.

నేను బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న కంపెనీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తుంటా, మేం చేసేది నూనె ఎక్స్‌పెల్లర్లు, శెనక్కాయలు నువ్వులు ఆడించే మిషన్లు. మాది అనంతపురం వైపు, శెనక్కాయ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు, అయితే ఘనా ఉత్తరాన టమాలే చుట్టుపక్కల, నైజీరియాలో కానో వైపు కూడా మనలాగే శెనక్కాయనే నమ్ముకున్న ఊళ్ళున్నాయని ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది. కానోలో ఒకప్పుడు శెనక్కాయ మూటల్ని పిరమిడ్లలాగా పేర్చేవాళ్ళు, ఆ పాత ఫోటోలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, 1970ల్లో పెట్రోలు డబ్బు వచ్చిపడ్డాక అదంతా పోయింది.

2022లో టమాలే నుంచి ఒకావిడ మిషన్ కావాలని అడిగారు. పంట వాళ్ళ దగ్గరే ఉంది, నూనె కొనేవాళ్ళూ అక్కడే ఉన్నారు, కావాల్సింది మిల్లు ఒక్కటే. ఆమె బ్యాంక్ ఎల్‌సీ, అంటే సరుకు పంపితే డబ్బు కడతామని మాకు హామీ పత్రం, ఓపెన్ చెయ్యాలి, మా బ్యాంకేమో ఆ ఎల్‌సీ ఒక్కటే చాలదు యూరప్‌లో పెద్ద బ్యాంక్ ఏదన్నా తనూ హామీ ఇచ్చి కన్ఫర్మ్ చెయ్యాలి అంటుంది, ఆ కన్ఫర్మేషన్ ఛార్జీ ఆమె నెత్తిన, ఆపైన వాళ్ళ బ్యాంక్ మొత్తం డబ్బు ముందే డిపాజిట్‌గా (క్యాష్ మార్జిన్) కట్టమంది. ఇదంతా అయితే అప్పుడు మేం మిషన్ మొదలుపెట్టాలి, వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోలో కంటైనర్‌కి ఎక్కించాలి, అది రైల్లో చెన్నై పోర్టుకి, అక్కడ్నుంచి ఓడలో ఘనాలోని టెమా పోర్టుకి. ఈలోపు సెడీ జారిపోతూనే ఉంది. ఆ ఏడాది మొదట్లో డాలర్‌కి 6 సెడీలు, నవంబర్ కల్లా 13 దాటింది. మిషన్ రేటు మేం ఒక్క డాలర్ కూడా పెంచలేదు, ఆమెకి మాత్రం రెట్టింపైంది.

ఫోన్‌లో ఆమె అడిగింది ఒకటే. "రేటు తగ్గించమనట్లేదు, సెడీల్లో నెలనెలా కట్టుకునే దారేమన్నా ఉందా?" మా దగ్గర లేదు. మా ఓనరుది మంచి మనసే, కానీ స్టీలుకీ కాస్టింగులకీ తెచ్చిన అప్పు మీద ఆయన ఇక్కడ వడ్డీ కట్టాలి కదా. ఆర్డర్ ఆగిపోయింది. డిసెంబర్‌లో ఘనా ప్రభుత్వమే విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించింది.

ఆ ఘనా, జీ20 వాళ్ళు 2017లో, జర్మనీ అధ్యక్షతన పెట్టిన 'కాంపాక్ట్ విత్ ఆఫ్రికా'లో ఉన్న దేశం. ప్రైవేట్ పెట్టుబడి రప్పించడం కోసమే పెట్టిన ప్రోగ్రాం అది. అందులోనే ఉన్న ఇథియోపియా కూడా 2023 డిసెంబర్‌లో బాండ్ వడ్డీ కట్టలేకపోయింది. కోవిడ్, యుద్ధం, అమెరికాలో పెరిగిన వడ్డీలు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి, ఆ దేశాల్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. పెద్ద కంపెనీలకి కూడా దెబ్బ తగులుతుంది, 2010లో 10.7 బిలియన్ డాలర్లకి ఆఫ్రికా బిజినెస్ కొన్న మన ఎయిర్‌టెల్ సంగతే చూడండి, 2023 జూన్‌లో నైజీరియా తన కరెన్సీ నైరా రేటుని మార్కెట్‌కి వదిలేశాక ఎయిర్‌టెల్ ఆఫ్రికాకి 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో 89 మిలియన్ డాలర్ల నష్టం వచ్చింది. వాళ్ళు తట్టుకుని నిలబడ్డారు. టమాలే ఆవిడకి ఆ స్తోమత ఎక్కడిది?

రిస్క్ పంచుకునే ఏర్పాట్లు లేవని కాదు. వరల్డ్ బ్యాంక్ గ్రూపులో మిగా అనే సంస్థ 1988 నుంచి ఉంది, ప్రభుత్వం ఆస్తి లాగేసుకోవడం, యుద్ధం, డబ్బు దేశం దాటకుండా ఆపడం లాంటివాటికి ఇన్సూరెన్స్ ఇస్తుంది, కానీ కరెన్సీ విలువ పడిపోవడం అందులోకి రాదు. మాలాంటి ఎక్స్‌పోర్టర్లకి మన ప్రభుత్వ ఇన్సూరెన్స్ కంపెనీ ఈసీజీసీ ఉంది, 1957 నాటిది, కొన్నవాళ్ళు డబ్బు ఎగ్గొడితే చాలావరకు మాకు ఇస్తుంది. అది అమ్మేవాడికి రక్షణ, కొనేవాళ్ళకి కాదు. సరిగ్గా కరెన్సీ కోసమే పెట్టింది టీసీఎక్స్ అనే ఫండ్, డెవలప్‌మెంట్ బ్యాంకులు కలిసి 2007లో నెదర్లాండ్స్‌లో మొదలుపెట్టాయి, కరెన్సీ పడితే వచ్చే తేడాని అది మోస్తుంది, దాంతో అప్పిచ్చేవాళ్ళు సెడీల్లోనో షిల్లింగుల్లోనో ఇవ్వగలుగుతారు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే. కాకపోతే ఆ రక్షణకి రేటు ఎక్కువ, ఆ ఖర్చంతా తిరిగి అప్పు తీసుకున్నవాళ్ళ వడ్డీలోకే వెళ్తుంది, అందుకే ప్రకటించే బిలియన్లలో ఒక ముక్క అక్కడ పెట్టండి అంటా.

కొద్ది డబ్బు సరైన చోట పెడితే ఏమవుతుందో కెన్యాలో చూశాం. ఫోన్‌లోనే డబ్బు పంపుకునే ఎంపెసాకి మొదట్లో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చింది దాదాపు 10 లక్షల పౌండ్లు, వోడాఫోన్ తన వాటా తను వేసుకుంది. 2007లో అక్కడి ఫోన్ కంపెనీ సఫారీకామ్ దాన్ని మొదలుపెట్టింది, ఇవాళ అక్కడ కూరగాయలకి కూడా దాంట్లోనే కడతారు.

ఇక మన దేశం సంగతి. 2015 ఢిల్లీ ఇండియా-ఆఫ్రికా సమ్మిట్‌లో ఐదేళ్ళకి 10 బిలియన్ డాలర్ల తక్కువ వడ్డీ అప్పు ఇస్తామన్నారు. ఎగుమతుల కోసం అప్పులిచ్చే మన ప్రభుత్వ బ్యాంక్ ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారా వెళ్ళే ఆ అప్పులు ఎక్కువగా ప్రభుత్వాలకి, డాలర్లలో, కరెంటు లైన్లకీ రైల్వేలకీ చక్కెర ఫ్యాక్టరీలకీ. అవీ కావాలి. కానీ ఒక్క మిషన్ కొనుక్కునే మనిషికి అందులో దారి లేదు.

దారి వెయ్యొచ్చు. ఆర్‌బీఐ 2022 జూలైలో రూపాయల్లో వ్యాపారం చేసుకునే పద్ధతి తెచ్చింది, టాంజానియా, కెన్యా, ఉగాండా లాంటి దేశాల బ్యాంకులకి ఇక్కడ రూపాయి ఖాతాలు తెరవడానికి పర్మిషన్ కూడా ఇచ్చింది. మన సాంబార్లో పడే కందిపప్పు కొంత టాంజానియా, మొజాంబిక్ నుంచే వస్తుంది, ఆ పప్పుకి మనం రూపాయల్లో కడితే ఆ రూపాయలతోనే వాళ్ళు ఇక్కడ మిషన్లు కొనుక్కోవచ్చు, మధ్యలో డాలర్ పని లేదు. ఘనా నుంచి మనం కొనేది ఎక్కువగా బంగారం, జీడిగింజలు. అక్కడి బ్యాంకులకి ఎగ్జిమ్ బ్యాంక్ చిన్న చిన్న అప్పులు ఇచ్చి, ఆ బ్యాంకులు సెడీల్లో అప్పులిచ్చి, కరెన్సీ తేడాని మన ప్రభుత్వం, వాళ్ళ ప్రభుత్వం, టీసీఎక్స్ లాంటివాళ్ళు తలా కొంత మోస్తే చాలు, టమాలేలో మిల్లు తిరుగుతుంది. తర్వాతి ఇండియా-ఆఫ్రికా సమ్మిట్‌లో నేను వెతికేది ఈ ఒక్క లైన్ కోసమే.