కార్తీకంలో పెండ్లి, నల్లమలలో నడక

మా వైపు పెండ్లి ముహూర్తం అనగానే పెద్దవాళ్ల చూపు మాఘ, ఫాల్గుణాల మీదికి, అవి కుదరకపోతే వైశాఖం మీదికి పోతుంది. దేవరకొండ చుట్టుపక్కల పత్తి పండించే ఇండ్లలో పంట అమ్మిన డబ్బు చేతికందేది ఆ రోజులకే కాబట్టి ఆ లెక్కను తప్పుపట్టలేం. కార్తీకంలో పత్తి ఏరడానికి కూలీలు దొరకరు, వరికోతలు నెత్తిమీద ఉంటాయి, అటువంటప్పుడు చుట్టాలను పని మానుకొని రమ్మని ఎట్లా పిలుస్తామని నాన్న చాలా రోజులు వెనకాడారు. అయినా నేను పట్టు వదల్లేదు. 43 డిగ్రీల ఎండలో పందిరి కింద చెమటలు కారుతూ తలంబ్రాల కోసం ఎదురుచూసే ముసలివాళ్లను ఎన్నో పెండ్లిళ్లలో చూశాను. నా పెండ్లికి వచ్చిన అమ్మమ్మ అట్లా ఇబ్బంది పడటం నాకు ఇష్టం లేదు. ఉత్థాన ఏకాదశితో చాతుర్మాస్యం ముగుస్తుంది, మరునాడు క్షీరాబ్ది ద్వాదశికి తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దేవుడి పెండ్లి చేస్తారు, ఆ వెంటనే మనుషుల పెండ్లిళ్లు మొదలవుతాయి. ఆ తొలి ముహూర్తాల్లోనే మాదీ జరిగింది. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా ఎవరూ ఎండకు విసుక్కోలేదు, రాత్రి అరుంధతిని చూపించేటప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

కార్తీకమే కావాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెండ్లి తర్వాత మా ఇద్దరి మొదటి ప్రయాణం నల్లమలకే ఉండాలని నిశ్చితార్థం నాడే మాట్లాడుకున్నాం. 2019లో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా జనం కదిలినప్పుడు, ఆ సెప్టెంబర్‌లో తవ్వకాలు వద్దని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నల్లమలను కాపాడాలని అట్టముక్క మీద రాసి పట్టుకొని మా కాలేజీ ముందు నిలబడ్డాను. నాగర్‌కర్నూల్‌లో చదువుతున్న మా ఆయన కూడా ఆ రోజుల్లో అదే పని చేశారట. ఇద్దరం బస్సు కిటికీలోంచి చూసిన అడవే తప్ప, లోపల కాలు పెట్టి నడిచింది లేదు. ఊటీ, మనాలీల పేర్లు చెప్పిన స్నేహితుల ప్రేమను నేను కాదనను. కానీ అడవి అనే మాట మా నోట అన్నిసార్లు వచ్చాక, ఆ అడవిలో మా కాళ్లతో నడవడం కన్నా మంచి మొదలు మాకు తోచలేదు.

కాలం కూడా అందుకు అనువైనదే. వానాకాలంలో వాగులు పొంగి దారులు జారుతుంటాయి. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాలి, గడ్డి ఎండి, నిప్పు భయం మొదలవుతుంది. కార్తీకంలో వాగుల్లో నీళ్లు పారుతూనే ఉంటాయి, నేల గట్టిపడుతుంది, బోదగడ్డి నిలువెత్తు పెరిగి పసుపు రంగుకు తిరుగుతూ ఉంటుంది. పాలమూరు సీతాఫలానికి అవి చివరి రోజులు, ఉసిరికి మొదటి రోజులు. డిండి జలాశయం దాటి అచ్చంపేట వైపు పోయే దారి పొడవునా గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర మేము రెండూ కొన్నాం.

పదహారు రోజుల పండుగ కాకముందే కొత్త జంట ఊరు దాటకూడదని మా అత్తమ్మ మాట. ఆ పండుగ చేసుకొని పుస్తెలు తిరిగి గుచ్చుకున్నాకే బయల్దేరాం. అప్పుడు ఆమె అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఏర్పాట్లన్నీ తన మీద వేసుకుంది. ఆమె వయసులో ఉన్నప్పుడు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నడిచి వెళ్లిన మనిషి. ఏడాదిలో ఆ పౌర్ణమి ముందువెనుకల కొద్ది రోజులే తెరుచుకునే ఆ లోయదారిలో రాళ్ల మీద దిగి, లింగమయ్యను చూసి, మళ్లీ ఎక్కి వచ్చిన అనుభవం ఆమెది. అందుకే నేను జొన్నరొట్టెలు, పల్లికారం మూట కడుతుంటే ఆమె పాత నూలు చీర చింపి వేలెడంత వెడల్పు పీలికలు చేసి నా సంచిలో పెట్టింది.

“కొత్త మట్టెలతోని కొండెక్కితే ఏలు కోసుకపోతది బిడ్డా. బూటు తొడిగే ముందు ఇవి సుట్టుకో,” అని చెప్పింది.

ఆ మాట విలువ ఉమామహేశ్వరం మెట్ల మీద తెలిసింది. పెండ్లిపీటల మీద సన్నికల్లుపై నా కాలు పెట్టించి ఆయన తొడిగిన మట్టెలు ఇంకా వేలికి అలవాటు పడలేదు. కొండ ఎక్కుతున్న కొద్దీ పాదం వేడెక్కి కొద్దిగా ఉబ్బుతుంది, అప్పుడు వెండి అంచు పక్క వేలిని ఒరుసుకుంటుంది. నేను అప్పటికి ఒక్క కాలికే పీలిక చుట్టుకున్నాను. దారిలో ఒక బండ మీద కూర్చోబెట్టి రెండో కాలికి ఆయన చుట్టారు. మట్టె కింది నుంచి ఒక చుట్టు, పై నుంచి ఒక చుట్టు తీసుకొని, ముడి అరికాలికి తగలకుండా వేలి పైన వేశారు. పారాణి ఎరుపు ఇంకా పోని ఆ పాదం మీద అత్తమ్మ చీర పీలిక ఉండటం నాకెంత ముద్దుగా అనిపించిందో చెప్పలేను. దిగేటప్పుడు కూడా వేలు నొప్పి పెట్టలేదు.

అచ్చంపేట మండలం రంగాపూర్ దగ్గర ఉన్న ఈ ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం తక్కిన మూడు ద్వారాలు. ఈ నాలుగింటిలో రెండు, ఉమామహేశ్వరమూ అలంపురమూ, 2016లో జిల్లాలు విడిపోక ముందు ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. మా ప్రాంతంవాళ్లు మల్లన్న దగ్గరికి నడిచిపోయిన దారులు ఎంత పాతవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. కింద భోగమహేశ్వరం దగ్గర కొలను చూసి పైకి సాగితే, ముందుకు చొచ్చుకొచ్చిన పెద్ద కొండచరియ నీడలో గుడి కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చల్లగానే ఉంటుంది. పాపనాశనం దగ్గర రాతి సందులోంచి ఊరే నీళ్లను దోసిట పట్టుకొని తాగాం. గుడి ముందు నుంచి చూస్తే కింద పాలమూరు మైదానం, దానిలో చెరువులు, కోసిన మళ్లు, తెల్లగా పగిలిన పత్తిచేలు వరుసగా పరుచుకొని ఉన్నాయి. మేం ఏ పంట పనుల మధ్య పెండ్లి చేసుకున్నామో ఆ పనులన్నీ పై నుంచి ఒకేచోట కనబడ్డాయి. నాన్న ఎందుకు అంత వెనకాడారో అక్కడ నిలబడి చూస్తే నాకు బాగా అర్థమైంది. మా కోసం ఎంతమంది కోత ఆపుకొని వచ్చారో తలచుకుంటే వాళ్ల మీద గౌరవం పెరిగింది.

మరునాటి నడక మన్ననూరు దాటాక అడవిలో. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు లోపలికి పోవడానికి వీల్లేదు, పోకూడదు కూడా. అటవీ శాఖ అనుమతించిన దారిలో, వాళ్లు పంపిన మనిషి వెంటే నడవాలి. మాతో వచ్చిన చెంచు యువకుడు ఒక పెంటలో పుట్టి పెరిగినవాడు. చెంచుల గూడేలను ఇక్కడ పెంటలనే అంటారు. మేం దారి చూసి నడిస్తే అతడు దారి పక్కన నేలను చూసి నడిచాడు. ఒకచోట ఆగి చెదపుట్టను చూపించాడు. పుట్ట నడుమ మోచేతి లోతు గుంత, చుట్టూ తడి ఆరని ఎర్రమట్టి, అంచున పక్కపక్కనే దిగిన గోళ్ల గీతలు. రాత్రి ఎలుగుబంటి వచ్చి చెదలు తిని పోయిందని చెప్పి, గీతల కొనలు ఎటు తిరిగి ఉన్నాయో చూపిస్తూ అది పోయిన దిక్కు కూడా చెప్పాడు. నేను వంగి చూస్తుంటే ఆ గీతల్లోకి చెదలు అప్పుడే తడిమట్టి తెచ్చి పూడ్చుకుంటున్నాయి.

నల్లమద్ది, తునికి, ఇప్ప, టేకు చెట్లను అతడు పేరుపేరునా చెప్పాడు. పగిలిన బెరడుతో మొసలి వీపులా కనిపించే నల్లమద్దిని ఒక్కసారి చూస్తే మళ్లీ మరిచిపోం. మల్లన్న వేటకు వచ్చి తమ ఆడబిడ్డను పెండ్లాడాడని, అందుకే ఆయన తమకు చెంచు మల్లయ్య అని, దేవుడైనా తమ ఇంటి అల్లుడేనని అతడు చెప్పిన తీరులో భక్తి కన్నా బంధుత్వం ఎక్కువగా వినిపించింది. కొత్త అల్లుడైన మా ఆయన ఆ కథను ఎంతో శ్రద్ధగా విన్నారు. విశ్రాంతికి కూర్చున్నప్పుడు ఇద్దరం ఒకరి బట్టలకు అంటుకున్న ఉత్తరేణి గింజలను ఒకరం ఏరుకుంటూ, వెంట తెచ్చిన సీతాఫలాలు ముగ్గురం పంచుకున్నాం. గింజలు కూడా అడవిలో పారేయవద్దని మా ఆయన వాటిని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నారు.

ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీ శాఖ జీపులోనే పోవాలి. కొండ అంచు నుంచి కనిపించే దృశ్యం గొప్పదే, కానీ నడిచి చేరుకున్న చోటు ఇచ్చే తృప్తి జీపులో దిగిన చోటు ఇవ్వదని నా అభిప్రాయం. వటవర్లపల్లి దగ్గర రహదారి వదిలి లోపలికి పోతే వచ్చే మల్లెల తీర్థం మాత్రం కార్తీకంలోనే చూడాలి. వందల మెట్లు దిగాక, చెట్ల నీడ తెగని లోయలో నీళ్లు ఇంకా నిండుగా దూకుతున్నాయి. అక్కడి బండలు నాచు పట్టి ఉంటాయి కాబట్టి లోతు వైపు పోకుండా అంచునే కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాం. మళ్లీ ఎక్కేటప్పుడు ఊపిరి అందక నేను ఆగిన ప్రతిసారీ ఆయన తానే అలసిపోయినట్టు ముందుగా కూర్చున్నారు. అది నాకోసమేనని నాకు తెలుసు.

ఈ కాలంలో వెళ్లాలనుకునే జంటలకు కొన్ని సంగతులు చెప్పాలి. శ్రీశైలం రహదారి మీద అడవి భాగంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు, కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టుకు చీకటి పడకముందే చేరేటట్టు బయల్దేరాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఈ అడవిలో నిషేధం. స్టీలు సీసా, గుడ్డసంచి తీసుకుపోతే ఏ ఇబ్బందీ ఉండదు. దారి పక్క కోతులకు దయచేసి ఏమీ వేయకండి, ఆ అలవాటే వాటిని బండ్ల కిందికి తెస్తున్నది. కార్తీకంలో సెలవు రోజులకు, సోమవారాలకు భక్తుల రద్దీ ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే అటవీ శాఖ గదులు కూడా తేలికగా దొరుకుతాయి. సలేశ్వరం దారి మాత్రం చైత్రం దాకా తెరవరు. ఆ జాతరకు అత్తమ్మను కూడా వెంటబెట్టుకొని వెళ్లాలని అనుకున్నాం, ఆమె మోకాళ్ల గురించి డాక్టర్‌ను అడిగి నిర్ణయిస్తాం.