వాయిదా మాస్టారి బెయిలు పాఠం

సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి లా కాలేజీ రోజుల మీద సరదాగా రెండు పేజీలు రాయమన్నారు. బీచ్ రోడ్డు ముంత మసాలా గురించీ, క్లాసు ఎగ్గొట్టి జగదాంబలో చూసిన మార్నింగ్ షోల గురించీ ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. నేను నాకు పదికి నాలుగు మార్కులు వచ్చిన రోజు గురించి రాస్తాను. ఆ నాలుగూ వేసింది మన సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, పాఠం చెప్పిన సార్. పేరు చెప్పక్కర్లేదు, వాయిదా మాస్టారంటే మన బ్యాచ్‌లో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే "దీనికి రేపటికి వాయిదా" అనేవారు. మర్నాడు మనం ఆ ప్రశ్న మర్చిపోయినా ఆయన మర్చిపోయేవారు కాదు.

మనం సెకండియర్‌లో ఉండగా 2011 ఫిబ్రవరి 2న ఎ. రాజాను సీబీఐ అరెస్టు చేసింది. అప్పటికి ఆయన మంత్రి కాదు. టెలికాం శాఖకి 2010 నవంబరు 14నే రాజీనామా చేశాడు. ఆ తర్వాత రెండు రోజులకి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. 2జీ స్పెక్ట్రమ్‌ని, అంటే సెల్‌ఫోన్లు నడిచే రేడియో తరంగాలని, చవగ్గా ఇచ్చేయడం వల్ల ఖజానాకి పోయిందని కాగ్ వేసిన గరిష్ట అంచనా 1,76,645 కోట్లు. ఆ అంకె మన క్యాంటీన్‌లోకి వచ్చి కూర్చుంది. ఒకరోజు క్లాసు మొదలవకముందు ఎవరో బోర్డు మీద సున్నాలతో సహా వేయబోయి ఎన్ని సున్నాలో తేల్చుకోలేక గొడవపడ్డారు. ఆరన్నవాళ్ళు కొందరు, ఎనిమిదన్నవాళ్ళు కొందరు. సార్ లోపలికొచ్చి, ఏమీ మాట్లాడకుండా 176645 తర్వాత ఏడు సున్నాలు పెట్టి, డస్టర్‌తో మొత్తం తుడిచేసి, ఆ రోజు పాఠం మొదలుపెట్టారు. సెక్షన్ 437, బెయిలు.

ఇప్పటి పిల్లలకి 2జీ అంటే పాత ఫోన్ గుర్తొస్తుందేమో, కాబట్టి కథ కాస్త చెప్పాలి. 2008 జనవరి 10న ఒకే రోజు 122 లైసెన్సులకి దారి తీశారు. దేశం మొత్తానికి లైసెన్సు కావాలంటే ఫీజు 1,658 కోట్లు. అది 2001 నాటి ధర. ఈ మధ్యలో దేశంలో సెల్‌ఫోన్ లేని చెయ్యి లేకుండా పోయింది, ధర మాత్రం అక్కడే ఉంది. వేలం లేదు, ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం 2.45కి ప్రకటన ఇచ్చి, 3.30కల్లా ఢిల్లీలో టెలికాం శాఖ ఉండే సంచార్ భవన్‌కి వచ్చి లైసెన్సు లేఖలు తీసుకోమన్నారు. వందల కోట్ల డీడీలు అప్పటికే సిద్ధంగా పట్టుకున్న కంపెనీలున్నాయి! కౌంటర్ల దగ్గర తోపులాట జరిగింది. సినిమా మొదటి రోజు మొదటి ఆటకి టికెట్లు ఇచ్చినట్టు స్పెక్ట్రమ్ ఇచ్చారని మేం నవ్వుకున్నాం.

ఈ ధర మీద ముందే వేలెత్తి చూపింది మన తెలుగాయన. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నరైన దువ్వూరి సుబ్బారావు. అప్పట్లో ఆర్థిక శాఖ కార్యదర్శి. 2001లో కట్టిన ధరను ఏ సవరణా లేకుండా 2007లో ఎలా వాడతారని 2007 నవంబరు 22న టెలికాం శాఖకి ఉత్తరం రాశారు. ఉత్తరాంధ్రవాడికి కోరుకొండ పేరు వింటే ఛాతీ కొంచెం పొంగుతుంది. నేను ఆ ఉత్తరం సంగతి క్యాంటీన్‌లో పదిసార్లు చెప్పి ఉంటాను.

ఏప్రిల్ నెలాఖరులో సార్ మూట్ కోర్టు, అంటే విద్యార్థులే లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టు, పెట్టారు. విషయం ఇదే. అవినీతి కేసులో జైల్లో ఉన్న మాజీ మంత్రికి బెయిలు ఇవ్వాలా వద్దా. నేను ప్రాసిక్యూషన్. ముద్దాయి పక్షం దొరికినవాడు పాపం నోరులేని మనిషి, ఇప్పుడు మంచి సివిల్ లాయరు. నేను టేబుల్ గుద్దాను. దేశ సంపద అన్నాను, పేదవాడి అన్నం ముద్ద అన్నాను, 1.76 లక్షల కోట్లని ఏడెనిమిదిసార్లు అన్నాను. చప్పట్లు మోగిపోయాయి. వెనక బెంచీ నుంచి ఈల కూడా వచ్చింది. గెలిచేశానని ఆ సాయంత్రం అందరికీ టీలు ఇప్పించాను.

మర్నాడు పేపరు తిరిగొచ్చింది. పదికి నాలుగు. కింద ఎర్ర ఇంకుతో సార్ రాసినవి రెండే ముక్కలు. మొదటిది, "నువ్వు చెప్పింది కాగ్ అంకె. ఈ నెల 2న సీబీఐ వేసిన ఛార్జిషీటులో నష్టం 30,984 కోట్లు. కోర్టు ముందున్నది ఏది?" రెండోది, "ఇతను పారిపోతాడనీ, సాక్షుల్ని బెదిరిస్తాడనీ, ఆధారాలు చెరుపుతాడనీ ఒక్క వాక్యమైనా చెప్పావా? తప్పు చేశాడని మాత్రం గంటసేపు చెప్పావు. అది తేల్చడానికేగా విచారణ."

నాకు ఒళ్ళు మండింది. స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి, "సార్, అంత పెద్ద దొంగకి బెయిలేంటండీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దొంగ అని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు. "అందరూ అంటున్నారు సార్." "అందరూ అనేవాళ్ళని సాక్షి బోనెక్కించు, నేను క్రాస్ చేస్తాను," అన్నారు. పక్కనున్న మేడమ్ నవ్వేశారు. నేను బయటికొచ్చేశాను.

అప్పుడాయన చదవమని ఇచ్చిన తీర్పు ఒకటుంది, గుడికంటి నరసింహులు కేసు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకి వెళ్ళింది, రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. బెయిలు మీద ఈ దేశంలో ఎక్కడ వాదించినా ఆ పేరు రాక మానదు. నిజం చెప్పాలంటే ఆ రోజు చదవలేదు. నవంబరులో చదివాను. ఎందుకంటే 2011 నవంబరు 23న ఇదే 2జీ కేసులో సంజయ్ చంద్ర సహా అయిదుగురు కంపెనీ అధికారులకి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, ఆ తీర్పులో గుడికంటి నరసింహులు కనబడ్డాడు. విచారణ ఎప్పటికి తేలుతుందో తెలియనప్పుడు మనిషిని లోపల ఉంచడం శిక్షే అవుతుందనీ, బెయిలు నిరాకరణ శిక్షలా వాడకూడదనీ ఆ తీర్పు సారం. మరో అయిదు రోజులకి ఢిల్లీ హైకోర్టులో ఇదే కేసులో ముద్దాయి అయిన డీఎంకే ఎంపీ కనిమొళికీ బెయిలొచ్చింది. రాజా మాత్రం అప్పటికి అసలు బెయిలే అడగలేదు.

ఆ డిసెంబరులో ఢిల్లీలో ఒక సీనియర్ లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్ దొరికింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ క్లాసులో, అమ్మ కట్టిన పులిహోర రెండు పూటలూ తిని, మంకీ టోపీతో నిజాముద్దీన్‌లో దిగాను. చలి సంగతి ఇంకోసారి రాస్తాను. పటియాలా హౌస్ కోర్టులు ఇండియా గేట్ పక్కనే. ఒకప్పుడు పటియాలా మహారాజు ప్యాలెస్. మధ్యాహ్నం నడుచుకుంటూ ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్ళి పప్పూ, గోంగూరా వేసుకుని తినొచ్చు. నాకు ఢిల్లీ నచ్చడానికి సగం కారణం అదే.

ఒకరోజు సీనియర్ గారి క్లర్కు వెంట 2జీ ప్రత్యేక కోర్టులో దూరాను. అరగంట నిలబడనిచ్చారు. జడ్జి ఓ.పి. సైనీ. ఆయన ఒకప్పుడు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసి, పరీక్ష రాసి మేజిస్ట్రేటు అయినవాడని క్లర్కు చెవిలో చెప్పాడు. నేను ఉరుములూ మెరుపులూ ఉంటాయనుకుని వెళ్ళాను. సాక్షికి ఒక్కో కాగితం చూపించి, ఈ సంతకం ఎవరిది, ఈ తేదీ ఎవరు వేశారు అని అడుగుతున్నారు. టైపు చేస్తున్నారు. ఇంకో కాగితం. మళ్ళీ సంతకం. లాయర్ల నల్లకోట్ల మధ్యలోంచి తెల్ల చొక్కాలో ఒక భుజం కనబడింది. క్లర్కు మోచేత్తో పొడిచి, "వహీ హై" అన్నాడు. ఆ అరగంటలో 1.76 లక్షల కోట్ల మాట ఒక్కరి నోటా రాలేదు. సంతకాలే.

రాజా మీద అప్పటికే అక్టోబరు 22న అభియోగాలు ఖరారయ్యాయి. అందులో ఐపీసీ 409 కూడా ఉంది. ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహం, యావజ్జీవం దాకా పడొచ్చు. చివరికి 2012 మే 15న, పదిహేను నెలలు దాటాక, రాజా తీహార్ నుంచి బయటికొచ్చాడు. 20 లక్షల బాండు, అంతే మొత్తానికి ఇద్దరు పూచీదార్లు, కోర్టు అనుమతి లేకుండా సొంత రాష్ట్రం తమిళనాడుకి వెళ్ళకూడదు. అప్పటికి మన ఫైనల్ ఇయర్ పరీక్షల టెన్షన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు ఫిబ్రవరిలో మాత్రం హాస్టల్ అట్టుడికిపోయింది. ఆయన అరెస్టయి సరిగ్గా ఏడాదికి, 2012 ఫిబ్రవరి 2న, సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సులూ రద్దు చేసింది. మనలో సగంమంది దగ్గర, లైసెన్సులు పోయిన కంపెనీల్లో ఒకటైన యూనినార్ సిమ్ములు. బ్యాలెన్స్ పోతుందని ఆ రాత్రంతా ఇళ్ళకీ, ఇంకా కొందరు ఇంకెక్కడికో, ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నారు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొన్నేళ్ళకి, 2016లో, నా దగ్గరికో కేసొచ్చింది. ఒడిశా నుంచి పనికొచ్చిన కుర్రాడు, రాగి తీగ దొంగతనం. బెయిలు మొదటి వారాల్లోనే వచ్చేసింది. పదేసి వేలకి ఇద్దరు పూచీదార్లు కావాలన్నారు. కుర్రాడికి ఈ ఊళ్ళో తాపీమేస్త్రీ తప్ప తెలిసినవాడు లేడు, మేస్త్రీ కేసనగానే ఫోన్ కట్ చేశాడు. బెయిలు ఆర్డరు ఉండగా అయిదు నెలలు లోపలే ఉన్నాడు. జైల్లో కలిసినప్పుడు వాడడిగింది ఒక్కటే, "కోర్టు వదిలేయమంది కదా సార్, మరి ఎవరు పట్టుకున్నారు?"

ఏం చెప్పాలో తెలియక సార్‌కి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరయి చాలా ఏళ్ళు. "దీనికి రేపటికి వాయిదా," అన్నారు. మర్నాడు ఉదయం ఏడింటికి ఆయనే చేశారు. "మోతీరామ్, 1978. మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీ. పదివేల పూచీ అడిగి, సొంత తోడబుట్టినవాడు పూచీ ఇస్తానంటే వేరే జిల్లావాడని వద్దన్నారు. మళ్ళీ కృష్ణయ్యరే. ఒక మలయాళీయో, ఆంధ్రుడో ఎక్కడో చాందినీ చౌక్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న పూచీదారుని ఎక్కణ్ణించి తెస్తాడని అడిగాడు చూడు, అది చదువు జడ్జిగారికి." చదివాను. సొంత పూచీకత్తు మీద వదిలారు. ఈసారి టేబుల్ గుద్దలేదు.

2017 డిసెంబరు 21న 2జీ తీర్పు వచ్చింది. మొదటి కేసుదే 1,552 పేజీలు. రాజాతో సహా ముద్దాయిలందరూ నిర్దోషులు. ఏడేళ్ళపాటు, వేసవి సెలవులతో సహా, పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా చట్టానికి నిలబడే సాక్ష్యం ఎవరైనా తెస్తారేమోనని కూర్చున్నాననీ, ఒక్కరూ రాలేదనీ జడ్జి రాశారు. అందరూ పుకార్ల మీదా, ఊహల మీదా నడిచారని కూడా అన్నారు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పేలిపోయింది. "న్యాయం అమ్ముడుపోయింది" అని ఒకడు, "కాగ్‌ని అరెస్టు చెయ్యాలి" అని ఇంకొకడు. ఇద్దరూ తీర్పులో పది పేజీలైనా చదివుంటారని నేననుకోను. 2012లో సుప్రీంకోర్టు లైసెన్సులు ఇచ్చిన తీరు అడ్డగోలుగా ఉందని తేల్చింది, ఆ మాట అలాగే ఉంది. పద్ధతి తప్పవడం వేరు, ఫలానా మనిషి లంచం తిన్నాడని రుజువవడం వేరు. ఈ ముక్క గ్రూపులో పెడితే రెండు పక్షాలూ నన్నే తిట్టాయి. సీబీఐ, ఈడీ హైకోర్టుకి వెళ్ళాయి. సీబీఐ అప్పీలుని విచారణకి తీసుకున్నది 2024 మార్చిలో. అంటే కథ ఇంకా పూర్తి కాలేదు.

తీర్పు వచ్చిన రోజు సాయంత్రం సార్‌కి ఫోన్ చేశాను. నా నాలుగు మార్కుల సంగతి ఎత్తుతారనుకున్నాను. ఆయనకి ఆ కేసులో బాగా నచ్చింది వేరే. 2014లో రాజా సెక్షన్ 315 కింద తన పక్షాన తానే సాక్షిగా బోనెక్కాడట. "ముద్దాయి తనంతట తాను క్రాస్‌కి నిలబడటం ఎంత అరుదో తెలుసా? క్లాసులో ఉదాహరణ చెప్పడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు దొరకలేదయ్యా, రిటైరయ్యాక దొరికింది," అని బాధపడ్డారు. కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. నేను పెట్టేయబోతుంటే ఆపి, "ఆ తీగల కుర్రాడి కేసు ఏమైంది?" అన్నారు.

"సాక్షి రాలేదు సార్. జనవరికి వాయిదా పడింది."

"ఏ తేదీ?" అన్నారు. కాగితం తీస్తున్న చప్పుడు వినబడింది.