మెరైన్ రేడియోకి చవక జీపీఎస్ కలిపిన నా అనుభవం

పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోకి ఎర్రమూత కింద ఒక బటన్ ఉంటుంది. ఆపదలో దాన్ని నొక్కి పట్టుకుంటే 70వ ఛానల్ మీద మన పడవని గుర్తించే తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ నంబరు, దాంతోపాటు మనం ఉన్న చోటు వెళ్తాయి. లోపల జీపీఎస్ లేని సెట్ అయితే ఆ చోటు మనమే చెప్పాలి. అక్షాంశ రేఖాంశాలు చేత్తో కొట్టొచ్చు గానీ, కదిలే పడవలో పొద్దున కొట్టిన అంకెలు మధ్యాహ్నానికి ఎందుకూ కొరగావు. పైగా వెతికేవాళ్లని తప్పు చోటికి పంపిస్తాయి. అందుకే ఎలక్ట్రానిక్స్ హాబీ ఉన్నవాళ్లు వాడే యూ-బ్లాక్స్ కంపెనీ జీపీఎస్ చిప్ ఉన్న చిన్న మాడ్యూల్ ఒకటి తీసుకుని రేడియోకి కలపాలనుకున్నాను.

రెండూ మాట్లాడేది పడవ పరికరాలు డేటా పంచుకునే ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతిలోనే, కానీ నేరుగా వైరు కలిపితే పని జరగదు. మాడ్యూల్ 9600 బాడ్‌లో, అంటే సెకనుకి 9600 బిట్ల వేగంతో, పంపుతుంది, రేడియో 4800లో వింటుంది. మాడ్యూల్ సిగ్నల్ 3.3 వోల్టుల టీటీఎల్ (చిప్‌ల మధ్య నడిచే మామూలు సిగ్నల్), అదీ తలకిందులుగా ఉంటుంది: డేటా లేనప్పుడు టీటీఎల్ లైను వోల్టేజీ పైన ఉంటే, రేడియోకి మాత్రం ఆ సమయంలో ప్లస్ వైరు మైనస్ కంటే కింద ఉండాలి. మధ్యలో మ్యాక్స్3232 అనే చిప్ ఉన్న చిన్న బోర్డు పెట్టాను. అది సిగ్నల్‌ని తిప్పేస్తుంది, వోల్టేజీ కూడా సరిచేస్తుంది. దాని ఔట్‌పుట్ రేడియో ఎన్‌ఎంఈఏ ఇన్ ప్లస్‌కి, గ్రౌండ్ ఇన్ మైనస్‌కి. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మాన్యువల్ చూడకుండా ఏదీ కలపొద్దు.

బాడ్ రేటుని ల్యాప్‌టాప్‌లో యూ-బ్లాక్స్ వాళ్ల యూ-సెంటర్ సాఫ్ట్‌వేర్‌తో మార్చాను. ఒక్కో అక్షరానికి పది బిట్లు పడతాయి కాబట్టి 4800 అంటే సెకనుకి 480 అక్షరాలే, ఒక్కో వాక్యం (ఎన్‌ఎంఈఏలో ఒక డేటా వరస) 82 అక్షరాల దాకా ఉండొచ్చు. ఉపగ్రహాల జాబితా మోసుకొచ్చే జీఎస్‌వీ వాక్యాలు లైనుని నింపేస్తాయి, వాటిని ఆపేసి, మన చోటు, సమయం చెప్పే ఆర్‌ఎంసీ, జీజీఏ వాక్యాలు ఉంచాను.

అయినా ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తున్న డేటా రేడియోలో కనిపించలేదు, తెర మీద ఉత్త గీతలే. వాక్యాల్ని ఒక్కొక్కటే చదివితే సంగతి మొదటి రెండక్షరాల్లో తేలింది. జీపీఎస్ ఒక్కదానితో లెక్కకట్టే రిసీవర్ వాక్యాన్ని 'జీపీ' అని మొదలుపెడుతుంది. రష్యా ఉపగ్రహ వ్యవస్థ గ్లోనాస్ లాంటివి కూడా కలుపుకునేది 'జీఎన్' అంటుంది. పాత రేడియోల్లో కొన్ని 'జీపీ' తప్ప మరేదీ గుర్తుపట్టవు. అదే యూ-సెంటర్‌లో ఆ రెండక్షరాల్ని, అంటే టాకర్ ఐడీని, 'జీపీ'కి మార్చగానే గీతల స్థానంలో అంకెలొచ్చాయి! మార్పుల్ని మాడ్యూల్‌లో సేవ్ చెయ్యడం ముఖ్యం. ఫ్లాష్ మెమరీ లేని మాడ్యూళ్లలో అవి చిన్న బ్యాకప్ బ్యాటరీ మీద నిలుస్తాయి, అది అయిపోతే మళ్లీ 9600కి పోతాయి. కొనేటప్పుడే ఫ్లాష్ ఉన్నది చూసుకోండి.

కరెంటు దగ్గర ఇంకో చిక్కుంది. 12 వోల్టుల్ని 5కి దించే చవక కన్వర్టర్లు వీహెచ్‌ఎఫ్‌లో రొద పుట్టిస్తాయి. సిగ్నల్ లేనప్పుడు హోరుని ఆపే స్క్వెల్చ్‌ని పూర్తిగా తెరిచి, మాడ్యూల్‌ని ఆన్, ఆఫ్ చేస్తూ విన్నాను. ఆన్ చేసినప్పుడల్లా హోరు మారుతోంది. కన్వర్టర్‌ని రేడియోకి దూరంగా జరిపి, వైరుకి రొదని అణిచే ఫెర్రైట్ ముక్క తగిలించాక తేడా పోయింది. రిసీవర్‌ని ఫైబర్‌గ్లాస్ పైకప్పు కిందే అతికించాను, సిగ్నల్‌కి ఇబ్బంది లేదు.

సరిచూసేటప్పుడు ఒక మాట: ఫోన్ డిగ్రీల్ని దశాంశాల్లో చూపిస్తే, రేడియో డిగ్రీలూ నిమిషాలూ చూపిస్తుంది. దశాంశ భాగాన్ని 60తో గుణించాలి, 0.725 డిగ్రీ అంటే 43.5 నిమిషాలు. ఎర్ర బటన్‌తో మాత్రం ఎప్పుడూ టెస్ట్ చెయ్యకూడదు. పక్క పడవాయన్ని నా ఎంఎంఎస్‌ఐ నంబరుకి పొజిషన్ రిక్వెస్ట్ (ఎక్కడున్నారని రేడియోలో అడిగే సందేశం) పంపమంటే, జవాబుగా మా చోటు ఆయన తెర మీద సరిగ్గా వచ్చింది.

మాడ్యూల్‌కి వేరే స్విచ్ పెట్టలేదు. ఫ్యూజు దాటాక రేడియో లైనుకే కలిపాను, ఆ లైనుకి కరెంటు వస్తే అదీ ఆన్ అవుతుంది.