తమ్ముడి కాగితం

ఆదివారం రాత్రి.

పొద్దున ఏడింటికల్లా తమ్ముడు తలుపు కొట్టాడు. సెలవు రోజున తొమ్మిదిదాకా మంచం దిగని మనిషి. ఏమైందోనని కంగారుపడ్డాను. చెప్పులు విప్పుతూనే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "ఒక్కసారి చూడక్కా, రేపు ప్రెస్సుకి ఇవ్వాలి" అన్నాడు.

పార్లమెంటుకి నిలబడతానని వాడు చెప్పి మూడు నెలలైంది. పార్టీ ఏమీ లేదు, ఇండిపెండెంటుగానే. ఇంతవరకు వాడు గెలిచిన ఎన్నిక అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి పదవి ఒక్కటే, అదీ పోటీకి ఇంకెవరూ రాక. ఈ మాట వాడి ముందు అననులెండి.

కాగితం మీద "నా ప్రాధాన్యాలు" అని రెండు గీతలు గీసి, కింద 22 అంశాలు రాశాడు. ఉద్యోగాలు, రైతులు, బడుల్లో టీచర్లు, రోడ్లు, అవినీతి, వృద్ధుల పింఛను, తాగునీరు... కుక్కల బెడద 19వది. నేను ఒక పక్క ఇస్త్రీ చేసుకుంటూ, ఇంకో పక్క చదువుతున్నాను.

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఏ కాగితం చూసినా నా కన్ను ముందు క్రియల మీదకే పోతుంది. కట్టిస్తాను, వేయిస్తాను, ఇప్పిస్తాను, రద్దు చేయిస్తాను, తెప్పిస్తాను. అన్నీ ప్రేరణార్థకాలే! పిల్లలకి చెప్పేదాన్ని, 'కట్టించాడు' అంటే కట్టినవాడు వేరే ఉన్నాడని. వీడి కాగితంలో ఆ రెండోవాడు ఎక్కడా లేడు. ఎవరి చేత కట్టిస్తాడు? ఏ అధికారంతో?

అదే అడిగాను. "గెలిస్తే ఎంపీనే కదక్కా" అన్నాడు.

"లోక్‌సభలో 543 మంది ఉంటార్రా. నువ్వొక్కడివి. మంత్రివి కావు, ప్రభుత్వానివి కావు."

"బిల్లు పెడతాను."

పెట్టొచ్చు, ఎవరూ కాదనరు. కానీ స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా మంత్రులు కాని సభ్యులు పెట్టిన బిల్లుల్లో 14 మాత్రమే చట్టాలయ్యాయి. చివరిది 1970లో. అప్పటికి వీడు పుట్టనే లేదు. ఆ సంగతి చెప్పాక కాసేపు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. పాపం అనిపించింది. కానీ ఈ మాట రేపు సభలో ఎవరో అడిగి నవ్వేకంటే ఇవాళ నేను చెప్పడమే నయం.

ఇంతలో పై వాటాలో ఆవిడ నీళ్ళ మోటారు వేయడానికి దిగి, వీణ్ణి చూసి ఆగింది. "నిలబడుతున్నారటగా బాబూ! మా వీధి చివర దీపం నెలరోజులుగా వెలగట్లేదు, కాస్త చూడండి" అంది. వీడు తడుముకోకుండా "వేయిస్తానండి, నాదీ పూచీ" అన్నాడు. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది. నేను ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టి వాడి వైపు చూశాను.

"ఏంటక్కా, చిన్న లైటేగా!"

"అది మున్సిపాలిటీ పని. పార్లమెంటులో ఆ దీపం మీద ఓటింగు పెట్టరు."

"మరి కాదని చెప్పమంటావా? ఓటు పోతుంది."

నిజమే, పోతుంది. అందుకే అందరూ 'చూస్తాను' అంటారు. కొత్తవాడు కూడా మొదటి రోజే అదే మాట నేర్చుకుంటే ఇక కొత్తదనం ఏముంది? ఇది పైకి అన్నాను. వాడికి కోపం వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి పది నిమిషాలు ఫోను చూసుకున్నాడు.

తిరిగొచ్చాక వాడికి జానెట్ రాంకిన్ కథ చెప్పాను. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొట్టమొదటి మహిళ. 1916లో మోంటానా నుంచి గెలిచింది. అప్పటికి ఆ దేశంలో చాలా రాష్ట్రాల ఆడవాళ్ళకి ఓటే లేదు. ఆ ఓటు హక్కు కోసమే ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగిన మనిషి, ఆమె కాగితంలో మొదటి అంశం అదే. 1917 ఏప్రిల్ 2న ప్రమాణం చేసింది. ఆ రాత్రే అధ్యక్షుడు విల్సన్ వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని అడిగాడు. నాలుగు రోజులు తిరక్కుండానే యుద్ధం మీద ఓటు వేయాల్సి వచ్చింది. వద్దని ఓటేసిన 50 మందిలో ఆమె ఒకరు. మళ్ళీ 1940లో గెలిచింది. 1941లో జపాన్ పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద దాడి చేసిన మరునాడు మళ్ళీ అదే ప్రశ్న ఎదురైతే సభ మొత్తంలో వద్దన్నది ఆమె ఒక్కతే. 388 మంది ఒకవైపు, ఆమె ఒకవైపు. జనం మీదకొస్తుంటే ఫోన్ బూత్‌లోకి దూరి తలుపు వేసుకోవాల్సి వచ్చింది. ఆమె చేసింది ఒప్పా తప్పా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. రెండోసారి వేసిన ఓటుతో నాకైతే ఏకీభావం లేదు.

"నీ 22లో యుద్ధం ఎక్కడుంది?" అని అడిగాను.

వాడు కాగితం తిప్పి చూశాడు, వెనక ఏమైనా ఉందేమో అన్నట్టు.

ఇండిపెండెంటుకి విప్, అంటే ఇలా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశం, ఉండదు. 'పార్టీ చెప్పింది, వేశాను' అని తప్పించుకునే దారీ ఉండదు. ఐదేళ్ళలో వందల ఓట్లు. వాటిలో సగం ఇవాళ మనం ఊహించనివే. ఏది వచ్చినా దేన్ని చూసి తేల్చుకుంటాడో ముందు అది చెప్పాలి కదా. బిల్లు చదవకుండా ఓటేయను అనొచ్చు. ఎందుకు వేశానో ఆ వారమే రాసి చెప్తాను అనొచ్చు. ఇవి వాడొక్కడే చేయగలిగిన పనులు, ప్రేరణార్థకం అక్కర్లేదు.

మధ్యాహ్నం దాకా కూర్చుని క్రియలు మార్చాం. 'తెప్పిస్తాను' పోయి 'అడుగుతాను' వచ్చింది. అడగడం కూడా తేలిక కాదు. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పే ప్రశ్నలు రోజుకి 20, ఎవరివి వస్తాయో లాటరీ. ఆ ఇరవైలో కూడా సమయం చాలక చివరివి మిగిలిపోతాయి. చర్చల్లో మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి, ఒంటరి సభ్యుడికి రెండు మూడు నిమిషాలు దొరికితే గొప్ప. "మరి నేనక్కడ చేసేదేంటి?" అన్నాడు నీరసంగా.

స్టాండింగ్ కమిటీలు ఉన్నాయిరా అన్నాను. ఒక్కోదాంట్లో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. టీవీ కెమెరాలు ఉండవు. శాఖల పద్దులు అక్కడే విప్పి చూస్తారు, అధికారుల్ని పిలిచి అడుగుతారు. ఒక్క విషయం బాగా తెలిసిన మనిషికి అక్కడ విలువ ఉంటుంది. బ్రిటన్‌లో రిచర్డ్ టేలర్ అనే రిటైరైన డాక్టరు 2001లో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు, తమ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం తీసేశారన్న ఒక్క కోపంతో. గెలిచాడు. 2005లో మళ్ళీ గెలిచాడు. ఎమర్జెన్సీ మునుపటిలా తిరిగి రాలేదు. కానీ పార్లమెంటు ఆరోగ్య కమిటీలో కూర్చుని ప్రశ్నలు అడిగాడు, అది ఆయనకి తెలిసిన పని.

"నీకేం తెలుసు?" అని అడిగాను. వాడు ఇరవై ఏళ్ళు నీటి సరఫరా పనుల్లో ఇంజనీరు. పైపు ఎక్కడ కారుతుందో, బిల్లు ఎక్కడ ఉబ్బుతుందో వాడికి తెలిసినంత నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ కాగితంలో తాగునీరు ఏడోది, ఒక్క లైను! కులాసాగా నవ్వి దాన్ని మొదటికి తెచ్చాడు. దాని కింద అర పేజీ గబగబా రాసేశాడు. పొద్దుటి నుంచి వాడి చేతిరాత మొదటిసారి కుదురుగా ఉంది.

సాయంత్రం వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగి, పైకి చూసి, నిట్టూర్చి, పై వాటాకి ఎక్కాడు. పావుగంటకి దిగాడు.

"ఏం చెప్పావు?"

"లైటు నా చేతిలో లేదని. మున్సిపాలిటీకి ఫిర్యాదు రాసిచ్చాను, ఆవిడ సంతకం పెట్టింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. మొహం మాత్రం పొద్దుటిలా లేదు."

కాగితంలో చివరికి ఐదు మిగిలాయి. నా లెక్క ప్రకారం నాలుగే మిగలాలి. కుక్కల బెడద మాత్రం ఎంత చెప్పినా కొట్టేయనివ్వలేదు. "అదీ మున్సిపాలిటీదేనని నాకు తెలుసక్కా, కానీ దానికి ఓట్లున్నాయి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనిక వాదించలేదు. ఇస్త్రీకి ఇంకా ఆరు చొక్కాలున్నాయి.