పూతరేకుల పొయ్యి దగ్గర కెమెరా
సంక్రాంతికి కరీంనగర్ నుంచి కోనసీమ వెళ్లాను. భాష మనదే అయినా ఆ చోటు నాకు కొత్త. అలాంటి చోట మనుషుల్ని పోజు లేకుండా తీయాలంటే చాలామంది దూరం నుంచి జూమ్ లెన్స్ పెడతారు. రేవులో బట్టలుతికే ఆడవాళ్లని కొబ్బరిచెట్ల చాటు నుంచి తీయడం నాకు అసలు నచ్చదు. నా దగ్గరుండేది 35 ఎంఎం లెన్స్. దగ్గరికి వెళ్తేనే దానితో ఫొటో వస్తుంది. వెళ్తే వాళ్లూ నన్ను చూస్తారు, చూడాలి కూడా. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఎవరి కంటా పడకూడదని తన లైకా కెమెరాలో మెరిసే భాగాలకు నల్ల టేపు అంటించేవాడు. పారిస్ వీధుల్లో అది కుదురుతుందేమో. ఇక్కడ కొత్త మనిషి బస్సు దిగితే కాసేపట్లో ఊరంతా తెలిసిపోతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఓ ఇంట్లో కూర్చున్నాను. కెమెరా ఒళ్లోనే ఉంచుకుని కబుర్లు చెప్పాను. బోర్లించిన కుండ, దాని కింద మంట. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగితే, ఉల్లిపొరలాంటి రేకు క్షణాల్లో ఆరి అంచు లేస్తుంది.

"ఫొటో తీసుకోవచ్చా అమ్మా?"

"తీసుకోండి బాబూ. ఇటు చూడమని మాత్రం అనకండి, రేకు మాడిపోద్ది."

నాకు కావలసిందీ అదే! పని కళ్లని కట్టేస్తే మనిషి కెమెరాని తనంతట తనే మర్చిపోతుంది. గది చీకటి, తలుపు సందులోంచి వచ్చే వెలుగే ఆధారం. షటర్ వేగం సెకనులో ముప్ఫయ్యో వంతుకి (1/30) తగ్గిస్తే ముఖం నిలిచింది, గుడ్డ మాత్రం తెల్లటి చారలా కదిలింది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంటే జాతర. ప్రభంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగుబట్టలతో అలంకరించి దేవుణ్ని ఊరేగించే చట్రం. పదకొండు ఊళ్ల శివుళ్లు, అంటే ఏకాదశ రుద్రులు, అక్కడ కలుస్తారు. గంగలకుర్రు ప్రభని "అశ్శరభ శరభ" అంటూ భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ దాటిస్తుంటే అందరి ఫోన్లూ పైకే ఉన్నాయి. నేను మోసేవాళ్ల ముఖాలు తీశాను. నలుగురి ముందూ జరిగే పండగలో ఒక్కొక్కరినీ అడగక్కర్లేదు. పిల్లలు ఒంటరిగా ఫ్రేములోకి వస్తే మాత్రం పక్కనున్న పెద్దవాళ్ల వైపు చూసి, వాళ్లు తలూపితేనే నొక్కాను.

తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో ప్రింట్లు తీయించి ఆత్రేయపురం పట్టుకెళ్లాను. ఆవిడ చాలాసేపు చూసింది. "పని బాగా పడిందండి, నేనే బాలేదు" అని లోపలికెళ్లి, పట్టుచీర కట్టుకొచ్చి గుమ్మంలో నిటారుగా నిలబడింది. సంతోషంగా తీశాను, పెద్ద ప్రింటు పోస్టులో పంపాను. పొయ్యి దగ్గర తీసింది ఎవరికైనా చూపించుకోవచ్చా అని అడిగితే, "చేతులు చూపించుకోండి, ముఖం వద్దండి" అంది. నేను అందరికీ చూపించే ఫొటోలో ఆవిడ చేతులు, కుండ, ఆ తడిగుడ్డ మాత్రమే ఉంటాయి.