చదును గీతకు షాకా?

సినిమాలో గుండె మానిటర్ గీత చదునవగానే డాక్టర్ షాకిచ్చే ప్యాడిల్స్ రుద్ది ఛాతీకి ఆనిస్తాడు, హీరో ఆత్మ పైనుంచి చూస్తుంటుంది. ఆత్మ సంగతి ఎలా ఉన్నా, చదును గీతకు షాక్ ఇవ్వరు. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లో గుండె అడ్డదిడ్డంగా వణుకుతుంటే, ఆ వణుకు ఆపడానికే షాక్. చదును గీతంటే గుండెలో విద్యుత్ చలనమే లేదని, ఇక ఆపేదేముంది? అప్పుడు సీపీఆర్, అంటే ఛాతీని పదేపదే నొక్కి రక్తాన్ని ఆడించడం, చేయాలి: నిమిషానికి 100-120 నొక్కులు, పెద్దవాళ్లకు 5-6 సెం.మీ. లోతు, 3-5 నిమిషాలకోసారి 1 మి.గ్రా. ఎడ్రినలిన్ ఇంజెక్షన్. తెరమీద మోచేతులు వంచి నొక్కుతారు, పాపం కిందున్నది బతికున్న నటుడు కదా! సరిగ్గా నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు. గుండె మళ్లీ కొట్టుకున్నా చాలామందికి వెంటనే స్పృహ రాదు. గొంతులో గొట్టం, వెంటిలేటర్, ఐసీయూ. మన యమలోకం సినిమాలే నయం, వైద్యం జోలికి పోకుండా నేరుగా పాశం విసిరేస్తాయి.